పాత స్పీకర్లకు కొత్త చెవులు

ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో గత కొన్ని మాసాలుగా ఒకే ప్రశ్న పలుమార్లు ఎదురవుతున్నది. పదేళ్ళ క్రితమో పన్నెండేళ్ళ క్రితమో విదేశాలలోని పిల్లలు తెచ్చి ఇచ్చిన వైర్‌లెస్ స్పీకర్లు ఇంట్లో ఉన్నాయి. అవి పాడటం మానివేశాయి, లేదా పాడుతున్నా కొత్త ఫోను మాట వినడం లేదు. వాటిని పారవేయవలసిందేనా? లేక ఈనాటి పద్ధతిలో నోటిమాటతో పాడించుకొనే మార్గమేదైనా ఉన్నదా? అడిగిన వారిలో పదవీ విరమణ చేసిన సహోద్యోగులే అధికం. కొందరికి మధుమేహం వల్ల చూపు మందగించింది. ఒకరిద్దరికి చేతివ్రేళ్ళు వణుకుతాయి. ఫోను తెరమీద ఆవగింజంత బొమ్మను వెదకి నొక్కడం వారికి సాధ్యమయ్యే పని కాదు. కనుక ఇది కేవలం విలాసానికి సంబంధించిన విషయమని పక్కన పెట్టడానికి మాకు మనసొప్పలేదు.

వైర్‌లెస్ స్పీకరు అనే ఒక్క పెట్టెలో నిజానికి మూడు వస్తువులు మూడు రకాల ఆయుర్దాయాలతో కాపురం చేస్తుంటాయి. మొదటిది ధ్వనిని పుట్టించే శంకువు, దానికి బలమిచ్చే ఆంప్లిఫయరు. ఇవి మొండిఘటాలు. మన పెద్దల కాలపు రేడియోల స్పీకర్లు ఈనాటికీ కొన్ని ఇళ్ళలో పలుకుతూనే ఉన్నాయి. రెండవది వైఫై సంకేతాన్ని అందుకొనే భాగం. రూటర్లు మారినకొద్దీ దీనికి ఇబ్బందులు మొదలవుతాయి. మూడవది సాఫ్ట్‌వేరు. ఇది మన ఇంట్లో ఉన్నదన్న మాటే గాని, దాని కళ్ళెం ఎక్కడో దూరదేశంలోని కంపెనీ చేతిలో ఉంటుంది. స్పీకరు మూగవోయిందంటే చాలాసార్లు చచ్చిపోయింది ఈ మూడవదే. మొదటిది నిక్షేపంగా ఉంటుంది. ఈ భేదం తెలియక, బంగారం వంటి స్పీకర్లను పాత సామానుల వానికి వేసినవారు మన కాలనీలోనే ఉన్నారు.

ఉదాహరణకు సోనోస్ సంగతే చూద్దాము. మాకు అందిన ప్రశ్నలలో ఈ పేరే ఎక్కువగా కనిపించింది. అమెరికాలోని శాంటా బార్బరా పట్టణంలో 2002లో ప్రారంభమైన సంస్థ ఇది. ఇంటిలోని వేర్వేరు గదులలో ఒకే పాటను ఒకే క్షణంలో, వైర్లు లేకుండా వినిపించడం దాని ప్రత్యేకత. మొదటి యంత్రం 2005లో వచ్చింది. 2009లో ఆంప్లిఫయరు, స్పీకర్లు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన నమూనా వచ్చింది. అదే తరువాత ప్లే 5 అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. 2011లో ప్లే 3, 2013లో ప్లే 1 వచ్చాయి. అమెరికానుండి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెలలో చీరలకు, చాక్లెట్లకు నడుమ ఒదిగి ఇక్కడికి చేరినవి చాలావరకు ఈ చిన్న ప్లే 1లే.

2020 జనవరిలో ఆ సంస్థ ఒక ప్రకటన చేసింది. తొలినాటి యంత్రాలకు, 2009 నాటి మొదటి తరం ప్లే 5కు ఆ సంవత్సరం మే మాసం తరువాత కొత్త సాఫ్ట్‌వేరు ఇవ్వబోమని, వాటిలోని జ్ఞాపకశక్తి, గణనశక్తి ఇక చాలవని చెప్పింది. అంతకంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. పాతదానిని వదులుకొంటే కొత్తదానిపై 30 శాతం తగ్గింపు ఇచ్చే పథకమొకటి అప్పటికే నడుస్తున్నది. ఆ తగ్గింపు పొందాలంటే పాత యంత్రాన్ని ‘రీసైకిల్’ అనే స్థితిలో పెట్టాలి. 21 రోజులు గడిచిన పిమ్మట అది శాశ్వతంగా పనిచేయకుండా పోతుంది. చక్కగా పాడే స్పీకరును యజమాని చేతనే చంపించడమన్న మాట! లోకమంతటా కొనుగోలుదారులు మండిపడ్డారు. రెండు రోజుల్లోనే సంస్థ అధిపతి పాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పుకొన్నారు. ఆ రీసైకిల్ పద్ధతిని 2020 మార్చిలో తొలగించారు. మరి పాత యంత్రాల మాట ఏమి? వాటికి ఎస్1 అనే పాత యాప్‌ను అలాగే ఉంచి, కొత్తవాటి కొరకు ఎస్2 అనే యాప్‌ను ఆ జూన్‌లో వేరుగా విడుదల చేశారు.

డబ్బు చెల్లించి కొన్న వస్తువుపై అమ్మినవానికి ఇంతటి అధికారం మిగిలి ఉండటం మాకు న్యాయంగా తోచదు. మన కర్మాగారంలో ముప్పయ్యేళ్ళ నాటి లేతు యంత్రానికి ఈనాటికీ నూనె పోసి, బేరింగు మార్చి నడుపుతున్నాము. దానిని తయారుచేసినవారు వచ్చి ఆపివేస్తామంటే ఒప్పుకుంటామా?

ఈ కథకు 2024లో మరొక అధ్యాయం చేరింది. ఆ ఏడాది మే నెలలో ఎస్2 వాడుకదారులకు పూర్తిగా తిరగవ్రాసిన యాప్ వచ్చింది. అందులో నిద్రవేళకు పాటను ఆపే టైమరు లేదు, అలారంలు సరిగా లేవు, ఇంటి కంప్యూటరులో దాచుకున్న పాటలను వెదికే వీలు లేదు. అంధులకు తెరను చదివి వినిపించే ఏర్పాటు కూడ దెబ్బతిన్నది. చూపు లేనివారు ఎవరి సాయమూ లేకుండా అంతకుముందు వాడుకొన్న స్పీకర్లు ఒక్క రాత్రిలో వారికి అందరానివైపోయాయి. మళ్ళీ క్షమాపణలు, నెలల తరబడి దిద్దుబాట్లు. 2025 జనవరిలో స్పెన్స్ పదవినుండి తప్పుకున్నారు. చిత్రమేమంటే, పాతబడ్డాయని పక్కకు నెట్టబడిన ఎస్1 యంత్రాల వారికి ఈ బాధ తగలలేదు. వారి యాప్ వేరు గనుక వారి పాట వారు వింటూనే ఉన్నారు.

అన్ని కంపెనీల తీరూ ఇదేనని అనుకోనక్కరలేదు. స్క్వీజ్‌బాక్స్ అనే సంగీత యంత్రాన్ని లాజిటెక్ 2012లో తయారుచేయడం మానివేసింది. దాని వెబ్ సేవను 2024లో మూసివేసింది. అయినా ఆ యంత్రాలు బ్రతికే ఉన్నాయి. వాటిని నడిపే సర్వరు సాఫ్ట్‌వేరు మొదటినుండి అందరికీ బహిరంగంగా ఇచ్చినది కావడమే అందుకు కారణం. ఔత్సాహికులు దానిని లిరియన్ అనే పేరుతో కొనసాగిస్తున్నారు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంటే చాలు, ఇరవయ్యేళ్ళ నాటి పెట్టె కూడ పాడుతుంది. మరొకవైపు, గూగుల్ 2015లో తెచ్చి 2019లో ఆపివేసిన క్రోమ్‌కాస్ట్ ఆడియో బిళ్ళలు 2025 మార్చిలో ఒకనాడు ప్రపంచమంతటా ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. లోపల ఉన్న పదేళ్ళ డిజిటల్ ధ్రువపత్రానికి గడువు తీరిందట! కొద్దిరోజులలో సరిచేశారు గాని, ఆ కొద్దిరోజులలో ఎందరు వాటిని చెత్తబుట్టలో వేశారో! కాబట్టి హఠాత్తుగా మూగవోయిన స్పీకరును వెంటనే పారవేయవద్దని, కనీసం పక్షం రోజులు అటక మీద ఉంచమని మా సలహా.

ఇక మన ఇంటి పనికి వద్దాము. అన్నిటికంటె ముందు స్పీకరును తిరగవేసి అడుగున ఉన్న చీటీ చదవండి. అమెరికా ప్లగ్గు 110 వోల్టులది. చీటీపై 100–240 అని ఉంటే కేవలం ప్లగ్గు మార్చే అడాప్టరు సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా గోడలో పెట్టకూడదు. ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసే మనవారికి ఈ మాట చెప్పనవసరం లేదు గాని, వారి ఇంటివారికి చెప్పవలసి ఉంటుంది.

తరువాత రూటరు. పాత వైర్‌లెస్ స్పీకర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు తప్ప మరొకటి తెలియదు. ఇప్పుడు బిగిస్తున్న ఫైబరు రూటర్లు 2.4, 5 రెండింటినీ ఒకే పేరుతో కలిపివేస్తాయి. ఫోను 5లో, స్పీకరు 2.4లో ఉండి మొదటి పరిచయానికి ఒకదానికొకటి కనిపించక తికమక పడటం సాధారణం. రూటరు అమరికలో రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టమని, భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2కు కూడ అనుమతి ఉండేలా చూడమని కనెక్షను ఇచ్చిన కుర్రవానిని అడగండి. అయిదు నిమిషాల పని. సోనోస్ అయితే స్పీకర్లలో ఒకదానిని నెట్‌వర్క్ వైరుతో నేరుగా రూటరుకు కలిపితే, మిగిలినవి దానితో తమ సొంత వల అల్లుకుంటాయి. మందపాటి గోడల పాత క్వార్టర్లలో మాకు నచ్చిన పద్ధతి ఇదే.

మీ వద్ద ఉన్నది ఏ తరానిదో యాప్‌లోని సిస్టమ్ వివరాల పుట చెబుతుంది. ప్లే 1, ప్లే 3, రెండవ తరం ప్లే 5 ఎస్2లోనూ నడుస్తాయి. మొదటి తరం ప్లే 5, తొలినాటి యంత్రాలు ఎస్1లోనే నడుస్తాయి. ఇంట్లో రెండు రకాలూ ఉంటే రెండింటినీ ఒకే కుటుంబంగా కలపాలంటే అంతా ఎస్1లో ఉండక తప్పదు. అలాగాక విడదీసి రెండు యాప్‌లతో నడుపుకోవచ్చు గాని, అప్పుడు హాలులోనూ వంటింటిలోనూ ఒకే పాట రాదు. కొత్త హంగుల మీద ఆశ లేనివారు ఎస్1లోనే ఉండిపోవడం తెలివైన పని అని మా అభిప్రాయం. పాట పాతదే, చెవులు పాతవే; హంగులు మారినంత మాత్రాన ఘంటసాలవారి గొంతు మారదు కదా!

నోటిమాట విషయానికి వస్తే, పాత స్పీకర్లకు మైకు లేదు. కొత్తగా చెవి తగిలించాలి. మైకు ఉన్న సోనోస్ వన్ 2017 అక్టోబరులో అలెక్సాతో వచ్చింది. అది ఎస్1లో కూడ నడుస్తుంది గనుక, ఎవరైనా వాడినది అమ్ముతుంటే తెచ్చి పాతవాటితో జోడించవచ్చు. హాలులో దానితో చెబితే పడకగదిలోని పాత స్పీకరు కూడ పాడుతుంది. అయితే అది మీ ఎస్1 కుటుంబంలో చేరుతున్నదో లేదో పరీక్షించిన తరువాతనే డబ్బు చేతిలో పెట్టండి. 2023 నాటి ఎరా స్పీకర్లు ఎస్2లో తప్ప చేరవు.

అంతకంటె చౌకైనది, ఏ కంపెనీ స్పీకరుకైనా పనికివచ్చేది మరొక పద్ధతి. అమెజాన్ ఎకో డాట్ వంటి చిన్న వాచిక యంత్రాన్ని చెవిగా పెట్టుకొని, నోరుగా మన పాత స్పీకరునే ఉంచుకోవడం. సోనోస్ వారైతే అలెక్సా యాప్‌లో సోనోస్ ఖాతాను కలిపి, ఆ గదికి ఇష్టమైన స్పీకరుగా దానిని ఎంచుకుంటే చాలు. ప్రతిసారీ స్పీకరు పేరు చెప్పనవసరం ఉండదు. ముందుగా మీరు వినే సంగీత సేవ ఆ విధంగా నోటిమాటకు లొంగుతుందో లేదో చూసుకోవాలి. అన్నీ లొంగవు.

మాకు బాగా నచ్చినది మాత్రం నేరుగా వైరు వేయడమే. ఒక విశ్రాంత సహోద్యోగి ఇంట మొదటి తరం ప్లే 5 ఉన్నది. దాని వెనుక బయటి ధ్వనిని లోపలికి తీసుకొనే రంధ్రం ఉంటుంది. ఎకో డాటుకు 3.5 మిల్లీమీటర్ల ధ్వని రంధ్రం ఉన్న నమూనాను తెచ్చి రెండింటినీ మూరెడు వైరుతో కలిపాము. సోనోస్ యాప్‌లో, ఆ రంధ్రంలో శబ్దం వినబడగానే స్పీకరు దానంతట అదే అందుకొనేలా అమర్చాము. స్పీకరు ధ్వనిని ఒకచోట నిలిపి, హెచ్చుతగ్గులన్నీ డాటుకే అప్పగించాము. వారి మనుమడు పట్టుకు రెండు గంటలు, మాకు మరొక గంట పట్టింది. ఆ పెద్దాయన శుక్లాల శస్త్రచికిత్స అయినా చూపు సరిగా కుదరని మనిషి. తెల్లవారుజామున లేచి ఎవరినీ నిద్రలేపకుండా ఆకాశవాణిని తానే పెట్టుకుంటున్నాడు. “నా పాట కోసం కోడలిని కేకవేయనక్కరలేకుండా పోయింది బాబూ” అన్నాడు. ఈ పద్ధతిలో చిన్న లోపాలు లేకపోలేదు. వైరు తగిలించగానే డాటు సొంత గొంతు మూగబోతుంది, జవాబులు కూడ పెద్ద స్పీకరులోనుండే వస్తాయి. నిద్రలో ఉన్న స్పీకరు మేల్కొనే లోపల జవాబులోని మొదటి మాట ఒక్కటి ఎగిరిపోతుంది. అలవాటైతే తెలియదు.

కొనేటప్పుడు ఒక హెచ్చరిక. ఎకో డాటు నాలుగవ తరం వరకు ఈ రంధ్రం ఉన్నది. 2022లో వచ్చిన అయిదవ తరంలో తీసివేశారు. ఎకో పాప్‌లోనూ లేదు. వాటిని బ్లూటూత్‌తోనే కలపాలి. బ్లూటూత్ ఉన్న ఏ స్పీకరైనా, చివరకు ఎన్నో ఇళ్ళలో పెద్దల మంచం పక్కన ఉండే సారెగామా కారవాన్ అయినా, ఆ విధంగా చెవి తెచ్చుకుంటుంది. పాత స్టీరియో ఆంప్లిఫయరు ఉన్నవారు 3.5 నుండి ఎరుపు, తెలుపు పిన్నులకు మారే వైరు తెచ్చుకుంటే సరి.

భాష దగ్గర మాత్రం కొంత సర్దుకోక తప్పదు. అలెక్సా 2017లో మన దేశానికి ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చింది. మన పెద్దలు అచ్చ తెలుగులో ఆజ్ఞాపిస్తే అది తెల్లముఖం వేస్తుంది. అయితే ఆజ్ఞ పొట్టిగా ఉండి, గాయకుని పేరో చిత్రం పేరో స్పష్టంగా పలికితే చాలావరకు పని జరుగుతుంది. పల్లవి మొదటి మాటలు చెబితేనే తడబాటు ఎక్కువ. అందుకు మేము కనుగొన్న ఉపాయం: పెద్దలకు ఇష్టమైన పాటలన్నీ పిల్లలు ఒక జాబితాగా కట్టి, దానికి యంత్రం తేలికగా పట్టగల ఒకటి రెండు మాటల పేరు పెట్టాలి. ‘మార్నింగ్ సాంగ్స్’, ‘తాతా సాంగ్స్’ వంటివి. స్పీకర్ల గది పేర్లు కూడ అంతే. ‘హాల్’, ‘కిచెన్’ అని ఉంచండి. ‘ఫ్రంట్ రూమ్’, ‘ఫ్రంట్ బెడ్‌రూమ్’ అని రెండింటికీ దగ్గర దగ్గర పేర్లు పెడితే ఒకదానికి చెప్పినది మరొకటి పాడుతుంది. ఆజ్ఞలను పెద్ద అక్షరాలతో తెలుగు లిపిలో అట్టమీద వ్రాసి గోడకు తగిలిస్తే మొదటి వారం ఎంతో సాయంగా ఉంటుంది.

ఇంట్లో చెవి పెడుతున్నప్పుడు, అది ఎవరి చెవి అన్నది కూడ ఆలోచించాలి. పిలుపు మాట వినేవరకు యంత్రం తనలోనే వింటుంది. పిలిచిన తరువాతి మాటలు మాత్రం వైరు దాటి కంపెనీ కంప్యూటర్లకు వెళతాయి. పొరపాటున వేరే మాటను పిలుపుగా భ్రమపడితే ఇంటి ముచ్చట కూడ వెళుతుంది. అటువంటి ముక్కలను కొన్నింటిని నాణ్యత పరీక్ష కోసం ఉద్యోగులు కూర్చుని వింటున్నారని, ఆ వినేవారిలో భారతదేశంలోనివారు కూడ ఉన్నారని 2019లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ తరువాత, అలా వినవద్దని చెప్పే వీలు యాప్‌లో కల్పించారు. పిల్లల మాటలను చెరిపివేయమన్నా నిలువ ఉంచుకున్నారన్న అభియోగంపై అమెజాన్ 2023లో అమెరికా ప్రభుత్వానికి 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకొన్నది. ఇవి చదివి భయపడి మానుకోమని మేము అనము. చూపు లేని పెద్దకు దొరికే స్వతంత్రం చిన్నది కాదు. పెట్టే రోజునే యాప్‌లో ఆ అనుమతులను తీసివేయండి. నోటిమాటతో వస్తువులు కొనే సదుపాయాన్ని ఆపివేయండి. పడకగదిలో, పిల్లలు చదువుకొనే గదిలో పెట్టకండి. మైకు ఆపే బొత్తాము నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. ఇంట్లో డబ్బు సంగతులో పెళ్ళి సంబంధాల సంగతులో మాట్లాడుకొనే వేళ అది వెలిగి ఉండటం మంచిది.

మాటలు ఇల్లు దాటకూడదని పట్టుబట్టేవారికి కూడ దారి ఉన్నది. సోనోస్ 2022లో మొదట అమెరికాలో తెచ్చిన సొంత వాచిక ఏర్పాటు ఆజ్ఞను స్పీకరు లోపలే అర్థం చేసుకొంటుంది. అయితే అది మైకు ఉన్న ఎస్2 స్పీకర్లకే పరిమితం. బహిరంగ సాఫ్ట్‌వేరు అయిన హోమ్ అసిస్టెంట్ వారు 2024 డిసెంబరులో ధ్వని రంధ్రంతో కూడిన చిన్న వాచిక యంత్రాన్ని విడుదల చేశారు. ఇంట్లోని కంప్యూటరే ఆజ్ఞను విని నడిపేలా దానిని అమర్చుకోవచ్చు. ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలోని యువ సహోద్యోగులకు సెలవుదినాలలో ఇది చక్కని వ్యాపకం. మిగిలినవారికి అంత ఓపిక ఉండకపోవచ్చు.

షిఫ్టు ఉద్యోగుల ఇళ్ళకు ఒక మాట. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకొన్న మనిషి పక్కగదిలో పిల్లలు యంత్రంతో అరుస్తుంటే ఇంటి యజమానురాలి పని కత్తిమీద సాము. గరిష్ఠ ధ్వనికి యాప్‌లో హద్దు పెట్టే వీలుంటే దానిని తప్పక వాడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకరు వెంటనే లేస్తుంది, రూటరు లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈ లోపల స్పీకరు దారి దొరకక బిక్కచచ్చిపోతుంది. రూటరుకు మాత్రమే సరిపడే చిన్న బ్యాటరీ యూపీఎస్‌లు బజారులో దొరుకుతున్నాయి. పెద్దలు ఒంటరిగా ఉండే ఇంటికి కొత్త స్పీకరు కంటె ముందు కొనవలసినది అదే.

ఇన్ని చేసినా లేవని స్పీకరు నిజంగానే ముగిసిపోయిందనుకొంటే, తోపుడుబండికి వేయకండి. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోకి వచ్చిన కొత్త ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటి సామాగ్రిని నమోదైన రీసైక్లరుకే అప్పగించాలి. ఇచ్చే ముందు, లేదా ఎవరికైనా వాడుకొమ్మని ఇచ్చే ముందు, యాప్‌లో మీ ఖాతానుండి దానిని తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ వైఫై సంకేతపదం ఇంకా దానిలోనే ఉంటుంది.